నొప్పి పోయింది సరే, బలం వచ్చిందా? హామ్‌స్ట్రింగ్ వెనకున్న చరిత్ర

గోదావరిఖని నుంచి మాట్లాడుతున్నా. ఇక్కడ పొద్దున్నే గ్రౌండ్‌లో కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ఉరికే పిల్లల నోట తరచూ వినే మాట ఒకటుంది: "తొడ వెనక పట్టేసిందన్నా, వారం రెస్ట్ తీసుకుని మళ్లీ దిగుతా." నొప్పి తగ్గితే చాలదన్న సంగతి ఎలా బయటపడిందో ఈరోజు చెప్తా.

ముందు మన తెలుగోడి ముచ్చట. 2021 జనవరి 11, సిడ్నీ టెస్టు చివరి రోజు. కాకినాడ కుర్రాడు హనుమ విహారికి పరుగు తీస్తుంటే హామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనక కండరం, దెబ్బతింది. బై-రన్నర్‌ని పెట్టుకుందామంటే ఆ రూల్‌ని ఐసీసీ 2011లోనే తీసేసింది. కుంటుతూనే 161 బంతులాడి 23 నాటౌట్‌గా నిలిచాడు. అశ్విన్‌తో కలిసి మ్యాచ్‌ని డ్రా చేశాడు. కానీ తర్వాతి బ్రిస్బేన్ టెస్టులో అతను లేడు. నిలబడి బంతి ఆపడం వేరు, ఫుల్ స్పీడ్‌లో ఉరకడం వేరు.

ఎందుకంటే, స్ప్రింట్‌లో పాదం నేలను తాకే ముందు ఈ కండరం సాగుతూనే కాలికి బ్రేక్ వేస్తుంది. దీన్నే ఎక్సెంట్రిక్ బలం అంటారు. నొప్పి పోయినా ఈ బలం వెనకబడే ఉండొచ్చు. నడకలో, జాగింగ్‌లో అది బయటపడదు.

ఒకప్పుడు డాక్టర్లు కాలిని చేత్తో నొక్కిపట్టి బలం అంచనా వేసేవాళ్లు. 1960ల చివర్లో అమెరికాలో జేమ్స్ పెర్రిన్ ఆలోచనతో సైబెక్స్ మెషిన్ వచ్చింది. దాంతో బలం అంకెల్లోకి మారింది. 2002లో బెల్జియంకి చెందిన క్రోసియర్ బృందం, గాయం మానినా ఇబ్బంది వదలని 26 మంది ఆటగాళ్లను ఇలాంటి మెషిన్ మీద పరీక్షించింది. 18 మందిలో బలం లోటు కనిపించింది. ట్రైనింగ్‌తో ఆ లోటు తీరినవాళ్లలో తర్వాతి ఏడాది ఎవరికీ గాయం తిరగబెట్టలేదు.

మరి మెషిన్ లేని మనకు? 2011లో డెన్మార్క్‌లో 942 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద ఒక పరిశోధన వచ్చింది. ఒక వర్గంతో నార్డిక్ ఎక్సర్‌సైజ్ చేయించారు. మోకాళ్ల మీద నిలబడాలి, ఫ్రెండ్ మడమలు గట్టిగా పట్టుకోవాలి, నడుము వంచకుండా మెల్లగా ముందుకు వాలాలి. అంతే. చేసినవాళ్లలో 15 గాయాలు, చేయనివాళ్లలో 52.

అయితే పచ్చి గాయం మీద ఇది మొదలుపెట్టొద్దు. ముందు ఫిజియోకి చూపించండి. మళ్లీ ఉరికే ముందు వెల్లకిలా పడుకుని, ఒంటికాలి మీద నడుము లేపి చూడండి. బాగున్న కాలు ఎన్నిసార్లు లేపితే, దెబ్బతిన్న కాలూ అన్నిసార్లు లేపగలగాలి. లేదంటే ఇంకా టైముంది.

నోటిఫికేషన్ మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెల్వదు. తొందరపడి దిగితే పోయేది వారం కాదు, ఆ అవకాశమే. ఈ వీడియోని మీ గ్రౌండ్ దోస్తులకు పంపండి. ఉంటా మరి.