రౌతు వేతనము

మన ధర్మశాస్త్రకారులు వ్యవహారపదములను పదునెనిమిదిగా విభజించిరి. అందు వేతనము నీయకుండుట యొకటి. పలువురు కూడి యొక పనిచేసి ఫలమును పంచుకొనుట మఱియొకటి. మొదటిదానిలో పనిచేసినవానికి కూలి ముట్టవలెను. యజమానుని లాభనష్టములతో వానికి నిమిత్తము లేదు. రెండవదానిలో లాభమెట్లో నష్టము నట్లే. గుఱ్ఱపుపందెములలో జాకీ యనబడు రౌతు ఈ రెండు తెగలలో దేనికి చెందును? స్వారిచేసినందులకు వానికి స్వల్పమైన రుసుము కలదు. గుఱ్ఱము గెలిచినయెడల, బహుమతిలో పదింట నొకవంతు వానికిచ్చుట అమెరికాలో ఆచారము. గెలిచిన గుఱ్ఱమునందు నిషిద్ధమైన మందు కనబడినచో బహుమతి పోవును. దానితోపాటు రౌతు భాగమును పోవును.

పందెములు కట్టి యిండ్లు గుల్లచేసికొనువారిపై మాకు జాలియే కాని గౌరవము లేదు. కాని రౌతు ప్రాణమొడ్డి కాయకష్టము చేయువాడు. వాని కూలిమాట వేఱుగా విచారింపదగినది.

1968వ సంవత్సరము మే 4వ తేదీన కెంటకీ డెర్బీ జరిగెను. దూరము మైలుంబాతిక; గుఱ్ఱములు పదునాలుగు. అందు డాన్సర్స్ ఇమేజ్ అనునది బోస్టను వర్తకుడైన పీటరు ఫుల్లరుది. దాని చీలమండలు బలహీనములు. దాని నెక్కినవాడు బాబీ అసెరీ. ముందటియేడును డెర్బీ గెలిచినవాడతడే. పందెము మొదట గుఱ్ఱము లన్నిటికిని వెనుకబడెను. కడపటి దారికి మరలునప్పటికి అసెరీ చేతినుండి కొరడా జారిపోయెను. అతడు వట్టిచేతులతోనే దానిని కంచెవెంబడి నడపి, ఫార్వర్డ్ పాస్ అను గుఱ్ఱమును ఒకటిన్నర గుఱ్ఱపు నిడివితో దాటించెను. మేము చదివినంతలో ఇంతకంటె నేర్పుగల స్వారి యరుదు.

మూడుదినములకు పరీక్షాఫలము వెలువడెను. ఫినైల్‌బ్యూటజోన్ అను నొప్పిమందు కనబడినదట. పందెమునకు ఆఱుదినములముందు పశువైద్యుడు దానినిచ్చినమాట నిజమే. పందెమునాటికది శరీరమును విడిచిపోవునని అందఱును తలంచిరి. కొన్ని రాష్ట్రములలో ఆ మందు నాడును నిషిద్ధము కాదు. కెంటకీలో పందెమునాడు నిషిద్ధము. బహుమతి ఫార్వర్డ్ పాసునకు పోయెను. శిక్షకుని ముప్పదిదినములు తొలగించిరి. ఫుల్లరు న్యాయస్థానముల కెక్కి 1970లో ఒకమాఱు గెలిచి, 1972లో తుదకు ఓడెను. రెండేండ్లకు కెంటకీవారే ఆ మందును అనుమతించిరి!

విశేష మొకటి కలదు. ఆ గుఱ్ఱముపై పందెము కట్టి గెలిచినవారి సొమ్మును ఎవ్వరును మరల అడుగలేదు. జూదరి గెలుపు నిలిచినది; నడిపినవాని గెలుపు నిలువలేదు.

రౌతు ఫలములో భాగస్థుడు గనుక నష్టమునను భాగస్థుడే యందురు. భాగస్థుడన్నచో వ్యవహారమునందు వానికొక మాట యుండవలెను గదా. గుఱ్ఱమున కేమి పెట్టిరో, ఏ సూది వేసిరో అతనినెవ్వ రడుగుదురు? అతడు వచ్చునది పందెమునకు కొంచెము ముందు. పైగా నొప్పి తెలియనీయని మందు గుఱ్ఱముకంటె రౌతునకు తక్కువ అపాయకరము కాదు. కుంటవలసిన కాలు కుంటక పరుగెత్తి విఱిగినచో క్రిందపడువాడు అతడే.

మందుబలముచే గెలిచిన గెలుపునకు భాగమేల యనువారి మాట త్రోసివేయదగినది కాదు. రెండవవాడుగా వచ్చిన రౌతు ఋజువర్తనుడు; బహుమతిలోని భాగము న్యాయముగా వానికే చెందవలెను. అందుచే మొదటివానికి బహుమతిలోనుండి యియ్యవలెనని మేమనము. మందు విషయము నెఱిగియుండనియెడల, యజమానుడును శిక్షకుడును తమ సొమ్మునుండి చెల్లింపవలెను. ఎఱిగి స్వారిచేసినట్లు విచారణలో తేలినచో వాని కేమియు నియ్య నక్కఱలేదు.

ఇది పాతకథ యని కొట్టివేయ వీలులేదు. 2021వ సంవత్సరము మే 1వ తేదీన జాన్ వెలాస్క్వెజ్ మెడీనా స్పిరిట్ అను గుఱ్ఱముపై అదే డెర్బీని గెలిచెను. బీటామెథసోన్ అను మందు కనబడుటచే 2022 ఫిబ్రవరిలో ఆ గెలుపును రద్దుచేసి మాండలూన్ అను గుఱ్ఱమున కిచ్చిరి. మొదటి బహుమతి 18,60,000 డాలర్లు. ఆచారప్రకారము అందు రౌతుభాగము 1,86,000. శిక్షకునికి విధించిన జరిమానా 7,500 డాలర్లు, తొలగింపు తొంబదిదినములు. శిక్షకుని భాగమును పోయినదనుట నిజమే. కాని మందులపెట్టె తాళము అతని చేతిలో నున్నది. రౌతు చేతిలో కళ్లెము మాత్రమే యున్నది. పందెముల సంఘములు ఈ భేదమును తమ నియమములలో వ్రాసికొనుటకు ఒక పుటకంటె నెక్కువ పట్టదు.