రామప్ప దాకా వచ్చినవాళ్లు దామరవాయి దాకా రారెందుకు?

గోవిందరావుపేట మండలంలోని లక్నవరం చెరువుకు సెలవు రోజుల్లో వచ్చే జనాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. హైదరాబాద్ నుంచి కార్లలో వస్తారు. వేలాడే వంతెన మీద ఫోటోలు దిగుతారు, దీవి మీది కాటేజీల్లో రాత్రి ఉంటారు, తెల్లారి రామప్ప గుడి చూసి వెళ్లిపోతారు. సముద్రం లేని మన జిల్లాలకు బీచ్ రిసార్ట్ అదే అనుకోవాలి. మెక్సికో దేశంలోనూ ఇలాంటి ప్రయాణమే ఒకటి ఉంది. కాన్‌కూన్ అనే సముద్రతీరంలో 1970ల నుంచి పెద్ద పెద్ద హోటళ్లు లేచాయి. అక్కడ దిగినవాళ్లు పొద్దున బస్సెక్కి, చిచెన్ ఇట్సా అనే మాయా జాతి పాత నగరం చూసి, సాయంత్రానికి మళ్లీ ఇసుక ఒడ్డుకు చేరుకుంటారు.

ఆ నగరం గురించి రాసే చాలా రాతల్లో ‘అంతరించిపోయిన మాయా నాగరికత’ అనే మాట వస్తుంది. మా హాస్టల్ పిల్లలు చదివే జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లోనూ అంతే. కానీ అంతరించింది ఎవరు? జనం నగరాలను విడిచిపోయారు, నిజమే. మనుషులు మాత్రం పోలేదు. మెక్సికోలో, గ్వాటెమాలలో ఈనాటికీ లక్షలాది మంది మాయా భాషలు మాట్లాడుతున్నారు. ఆ భాషలు ముప్పై దాకా ఉన్నాయి. చిచెన్ ఇట్సా అన్న పేరు వాళ్ల భాషలోనిదే, ‘ఇట్సా వాళ్ల బావి ఒడ్డు’ అని అర్థం. 1992లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న రిగోబెర్తా మెంచూ గ్వాటెమాల మాయా బిడ్డ. ఆ శిథిలాల దారిలో బొమ్మలు అమ్ముకునే వాళ్లలో చాలామంది మాయా వాళ్లే. వాళ్ల తాతముత్తాతలు ‘అంతరించారని’ పక్కనే గైడు చెబుతుంటే వినాల్సిన గతి వాళ్లది.

మాయా వాళ్లకు లిపి ఉంది, పుస్తకాలు ఉన్నాయి. 1562లో మానీ అనే ఊళ్లో డియెగో దె లాండా అనే స్పెయిన్ మతగురువు ఆ పుస్తకాలను కుప్పపోసి కాల్పించాడు. అలాంటి పుస్తకాలు ఇవాళ లోకం మొత్తంలో నాలుగే మిగిలాయి. రాత ఉన్నవాళ్లకే అట్లా అయితే, పాటనే పుస్తకంగా పెట్టుకున్న మన సంగతి ఏమిటో ఆలోచించండి.

ఇక మన దారికి వద్దాం. పాలంపేటలోని రామప్ప గుడిని 1213లో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. శాసనం అక్కడే ఉంది. నీటిలో తేలేంత తేలికైన ఇటుకలతో గోపురం లేపారు. పునాది గుంతలో ఇసుక నింపి దాని మీద గుడి నిలిపారు. నల్లరాతి మదనికల నునుపు ఎనిమిది వందల ఏళ్లకూ తగ్గలేదు. 2021 జూలైలో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దగ్గర్లోనే, భూపాలపల్లి జిల్లా గణపురంలో కోటగుళ్లు ఉన్నాయి. గణపేశ్వరుని పెద్ద గుడి, దాని చుట్టూ చిన్న గుళ్లు, అన్నీ కలిపి 22. రామప్పకు వచ్చే వందమందిలో పదిమంది కూడా కోటగుళ్లకు పోరని మా అంచనా. మహబూబాబాద్ పిల్లలకు ఇంకా దగ్గరిది బయ్యారం చెరువు. దాన్ని తవ్వించింది గణపతిదేవుని సోదరి మైలాంబ. కాకతీయుల వంశావళి తెలియడానికి ఆ చెరువు కట్ట దగ్గరి శాసనమే పెద్ద ఆధారం.

ఇవన్నీ చూడాల్సినవే, గొప్పవే. అయితే ఈ శాసనాల్లో పేర్లు ఎవరివి? రాజువి, సేనానివి, దానం చేసినవాళ్లవి. అడవిలో ఉన్న మనవాళ్ల పేర్లు వెతకాలంటే రాళ్లు వదిలి పాటల దగ్గరకు పోవాలి.

రామప్ప కట్టిన దాదాపు నూరేళ్ల తర్వాత, ప్రతాపరుద్రుని కాలంలో జరిగిందని చెప్పే కథ మేడారానిది. కరువొచ్చి కోయలు కప్పం కట్టలేకపోతే కాకతీయ సైన్యం దిగింది. పగిడిద్దరాజు, సమ్మక్క, సారలమ్మ, జంపన్న ఎదురు నిలిచారు. జంపన్న పడిన సంపెంగ వాగు జంపన్న వాగైంది. సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి కనిపించకుండా పోయింది, కుంకుమ భరిణె మాత్రం దొరికింది. దీనికి శాసనం లేదు, విగ్రహమూ లేదు. గద్దెలు ఉన్నాయి, పూజ చేసే కోయ వడ్డెలు ఉన్నారు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి కన్నెపల్లి నుంచి సారలమ్మ, కొండాయి నుంచి గోవిందరాజు, మన మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు గద్దెలకు చేరుతారు. పూనుగొండ్ల వాళ్లు అడవి దారిలో నడిచే వస్తారు. ఆ నడకే వాళ్ల శాసనం.

పాటను చరిత్ర అంటారా అని కాలేజీ పిల్లలు మమ్మల్ని అడుగుతుంటారు. జనగామ జిల్లా ఖిలాషాపూర్ కోట కట్టిన సర్వాయి పాపన్నను చూడండి. మొగలుల చరిత్రకారుడు ఖాఫీఖాన్ ఆయన్ను దోపిడీదొంగగా రాశాడు. పల్లె పాటలు దొరగా, వీరుడుగా నిలబెట్టాయి. ఈనాటి చరిత్రకారులు రెండింటినీ పక్కపక్కన పెట్టి చదువుతున్నారు. మన డోలు, కంచుమేళం కూడా అట్లా చదవాల్సినవే. మణుగూరు వైపు నుంచి వచ్చిన సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథను, కోయ వంశాల కథలను డోలు మీద చెప్పేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశారు. ఆయన గొంతులోనే ఉండి ఎవరూ నేర్చుకోకుండా మిగిలిపోయిన పాటలుంటే అవి ఆయనతోనే పోయాయి. మానీలో మంట పెట్టి కాల్చారు. మన దగ్గర మంట అక్కర్లేదు, పిల్లలు కోయ మాట మానేస్తే చాలు. మా హాస్టల్‌కు వచ్చే ఆరో తరగతి పిల్లల్లో ఇంట్లో అవ్వతో కోయలో మాట్లాడేవాళ్లు ఏటేటా తగ్గుతున్నారు. ఇది మేం కళ్లారా చూస్తున్న లెక్క.

తాడ్వాయి దగ్గరి దామరవాయి గుట్ట మీద, రామప్ప కంటే వెయ్యేళ్లకు పైగా పాతవైన రాతి సమాధులు ఉన్నాయి. నాలుగు వైపులా బండలు నిలిపి, పైన ఇంకా పెద్ద బండను కప్పినవి. ‘రాకాసి గుళ్లు’ అంటారు. అంత బండ మనిషి ఎత్తలేడు, రాకాసే ఎత్తి ఉంటుందని జనం ఊహ. మనిషే ఎత్తాడు, పదిమంది కలిసి ఎత్తారు. అవి ఫలానా వాళ్లవని పేరు పెట్టి గొడవ పడడం మాకు ఇష్టం లేదు. కానీ చనిపోయిన పెద్దల పేర రాళ్లు నిలపడం గోదావరి ఒడ్డు కోయ పల్లెల ఆనవాయితీ అని 1909లో అచ్చయిన థర్‌స్టన్ పుస్తకంలో ఉంది. రాయితో మన వాళ్లకు పని లేదనే మాట నమ్మకండి.

గుప్తనిధులు ఉన్నాయనే ఆశతో ఆ సమాధులను కొందరు తవ్వారు. కప్పు బండలు పక్కకు ఒరిగాయి. దామరవాయి పోవాలనుకునేవాళ్లు చలికాలంలో, పొద్దున్నే బయలుదేరండి. నీళ్లు వెంట పెట్టుకోండి. ఊళ్లో పెద్దమనిషిని ఒకరిని అడిగి తోడు తీసుకెళ్లండి. బండల మీద పేర్లు చెక్కకండి. ఆ పెద్దమనిషి ఏ గుట్టకు ఏ పేరో చెబుతుంటే ఫోన్‌లో రికార్డు చేయండి, కోయలో చెబితే కోయలోనే.