విచారణ పాఠశాల – బోధనభాష: హైదరాబాదు కతోలిక విద్యాచరిత్రపై ఒక పరిశీలన

తెలుగు కతోలికుల వాడుకలో ‘విచారణ’ అంటే ఒక గురువు ఆధ్యాత్మిక బాధ్యత వహించే ప్రాంతం. దేవాలయం పక్కనే పాఠశాల ఉండటం ఈ వ్యవస్థలో తరచు కనిపించే అమరిక. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం హైదరాబాదు అగ్రపీఠం పరిధిలోనిది. ఇటువంటి ప్రాంతాల్లో విచారణ పాఠశాల స్వభావం తెలియాలంటే, నగరంలో ఆ వ్యవస్థ ఏ భాషలో రూపుదిద్దుకున్నదో ముందుగా పరిశీలించాలి.

1851లో మద్రాసు నుంచి విడివడి హైదరాబాదు ప్రత్యేక మిషను ప్రాంతమైంది. దాని తొలి అధిపతి ఐర్లండుకు చెందిన డేనియల్ మర్ఫీ. 1855లో ఆల్ సెయింట్స్ పాఠశాల ఏర్పడింది. ఆ ఏడే మిలాన్ మిషనరీలు ఇక్కడికి చేరుకున్నారు. 1871లో టురిన్ నుంచి వచ్చిన సెయింట్ ఆన్ సభ కన్యస్త్రీలు సికింద్రాబాదులోను, 1904లో ఫ్రాన్సిస్కన్ కన్యస్త్రీలు హైదరాబాదులోను బాలికల పాఠశాలలు నెలకొల్పారు. ఇవన్నీ నగర పరిధిలోనివే. 1806లో వెలసిన సికింద్రాబాదు దండు, అందులోని ఐరిష్ కతోలిక సైనికుల కుటుంబాలు మిషనుకు తొలి సంఘమయ్యాయి. బోధన ఇంగ్లీషులో సాగడానికి ఇది ఒక ముఖ్య కారణం.

మరోవైపు సంస్థానంలో 1884లో పారసీ స్థానాన్ని ఉర్దూ ఆక్రమించింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో ప్రారంభమైంది. తెలుగు విద్యార్థికి ప్రభుత్వం ఉర్దూను, మిషను ఇంగ్లీషును చూపాయి. ఆల్ సెయింట్స్‌కు ఎంతో దూరం లేని సుల్తాన్‌బజారులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం తెలుగుకు ఆశ్రయమిచ్చింది. అంటే మాతృభాష తన చోటును బడి వెలుపల, గ్రంథాలయంలో వెతుక్కోవలసి వచ్చింది. సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది; మాతృభాషలో విద్య ఆ ఉద్యమపు ప్రధాన కోరికలలో ఒకటి.

తెలుగు పట్ల దూరం కతోలిక మిషనుకు సహజ లక్షణమని దీన్నిబట్టి అనుకోరాదు. 18వ శతాబ్దంలో కర్ణాటక మిషనుకు చెందిన ఫ్రెంచి జెస్విట్ గురువులు తెలుగు నేర్చారు. లెగాక్ తెలుగు గ్రంథాలను సేకరించి పారిస్ రాజగ్రంథాలయానికి పంపించాడు. అక్కడ గురువు సంఘం భాష నేర్చాడు. ఇక్కడ విద్యార్థి పాఠశాల భాష నేర్వవలసి వచ్చింది. రెండింటి మధ్య భేదం మతంలో లేదు, సంఘ నిర్మాణంలో ఉంది.

2018 నాటి తెలంగాణ చట్టం అన్ని పాఠశాలల్లోను తెలుగు బోధనను తప్పనిసరి చేసింది. విచారణ పాఠశాలకు కూడా ఇది వర్తిస్తుంది. అయితే చట్టం తెలుగును పాఠ్యాంశంగా మాత్రమే నిలుపగలదు. విచారణ పాఠశాలల చరిత్రను భవనాల, వ్యవస్థాపకుల వరుసగా కాక, ఆ ఆవరణల్లో తెలుగు పొందిన స్థానపు చరిత్రగా రాసినప్పుడే ఆ పరిమితి స్పష్టమవుతుంది.