పడవలోని పాట – ఒడ్డునుండి మాట



సింహగిరి పాదమున అడవివరము గ్రామమున్నది. అచ్చట వరాహ పుష్కరిణి యను కోనేరు కలదు. ఏటేట పుష్య బహుళ అమావాస్యనాడు అప్పన్నస్వామివారికి ఆ కోనేటిలో తెప్పోత్సవము జరుగును. తెప్ప నీటిపై మెల్లమెల్లగా తిరుగుచుండగా మంగళవాద్యములు మ్రోగును. గట్టున నిలిచిన జనమెల్ల ఆ నాదమును ఒక్కమారే విందురు. నీటిమీద పాట యనగానే మా ప్రాంతమువారి మనసున మొదట మెదలునది ఈ దృశ్యమే.

ఆ కొండకు తూర్పున సముద్రము కలదు. అచ్చటి జాలరులు దుంగలను త్రాళ్లతో బంధించి చేసికొనిన నావకును తెప్ప యనియే పేరు. దేవుని తెప్పకును జాలరి తెప్పకును పేరొక్కటే. కాని మొదటిది గట్టుగల నీటిపై తిరుగును, రెండవది గట్టులేని నీటిపైకి పోవును. గట్టులేని ఆ నీటిమీదికి మానవుడు పాటను ఏయే సాధనములతో కొనిపోయెనో, వానివలన కలిగిన మేలేమో, కీడేమో నేడు మీకు విన్నవించెదను.

యంత్రములు పుట్టకముందు నావికునకు గొంతుకయే వాద్యము. తెడ్డు వేయువారును, వల లాగువారును, కాలువగట్టున త్రాడు పట్టి పడవ నీడ్చువారును పాటతోనే పని చేసిరి. ఒకడు ఎత్తుకొనును, తక్కినవారు హైలెస్సా యని అందుకొందురు. ఆ పాట కేవలము వినోదము కాదు. పదిమంది బలము ఒక్క క్షణమున ఒక్కచోట పడుటకు అది తాళము. అంతకంటె ముఖ్యమైన గుణము వేరొకటి కలదు. పాడుచున్నవాని చెవి మూసికొనిపోదు. చుక్కాని పట్టినవాడు నడుమ కేక వేసినచో పాట ఆగును, కేక వినబడును. పాటయు, మెలకువయు ఆ కాలమున ఒకే పడవలో కలిసి మెలిసి యుండినవి.

1877వ సంవత్సరమున అమెరికా దేశమున ఎడిసను మహాశయుడు మానవుని కంఠమును దాచిపెట్టి మరల పలికించు యంత్రమును కనిపెట్టెను. మన దేశమున 1902లో కలకత్తా నగరమునందు గౌహర్ జాన్ గానమును గ్రామఫోను కంపెనీవారు పళ్లెములలోనికి ఎక్కించిరి. ఈ యంత్రమునకు విద్యుచ్ఛక్తితో పనిలేదు. పిడి త్రిప్పి లోపలి తీగచుట్టను బిగించిన చాలును. కనుక దీనిని ఎచ్చటికైనను కొనిపోవచ్చును. 1914లో ఇంగ్లండున డెక్కా వారు పెట్టెవలె మూసి చేత పట్టుకొనిపోదగిన గ్రామఫోనును తెచ్చిరి. మొదటి ప్రపంచయుద్ధమున సైనికులు దానిని కందకములలోనికి కూడ కొనిపోయిరి.

కాలువపై సాగు పడవలో ఇది చక్కగనే పాడును. సముద్రమున మాత్రము దానికి గండమే. కెరటము పడవ నెత్తివేసినప్పుడు ముల్లు చాలునుండి జారును. పాట ఒక చరణమునుండి మరియొక చరణమునకు దుముకును. లక్కతో చేసిన పళ్లెము క్రిందపడిన పగులును. పళ్లెమునకు ఒక్కొక్క ప్రక్క కొద్ది నిమిషములకు మించి పాట పట్టదు. తూగుట, తేమ, ఉప్పుగాలి – ఈ మూడును పాటయంత్రమునకు సముద్రమున శత్రువులు. ఆ పిమ్మట వచ్చిన యంత్రములన్నియు ఈ మూటితో ఒక్కొక్కటిగ పోరాడినవే.

ఇచ్చట నొక భేదమును మనము గమనింపవలెను. గ్రామఫోను దాచినదానిని మాత్రమే పలుకును. మీరు దానిని సముద్రమధ్యమునకు కొనిపోయినను, అది ఒడ్డున నెన్నడో పాడిన పాటనే పాడును గాని, ఈ క్షణమున ఒడ్డున నేమి జరుగుచున్నదో చెప్పజాలదు. అది నిన్నటి యంత్రము. తీగలేని తంతి, దాని సంతానమగు రేడియో నేటి యంత్రములు. ఇప్పుడు పుట్టిన మాటను ఇప్పుడే తెచ్చునవి. నేడు నేను చెప్పదలచిన దంతయు ఈ రెండు జాతుల యంత్రములకు గల భేదముపైననే నిలిచియున్నది.

ఈ భేదమును లోకమునకు దారుణముగ బోధించినది 1912వ సంవత్సరపు ఏప్రిలు నెలలో మునిగిన టైటానిక్ ఓడ. అందు ఎనమండుగురు వాద్యగాండ్రుండిరి. ఓడ మునుగుచుండగా వారు ప్రయాణికులకు ధైర్యము కలుగుటకై వాయించుచునే యుండి, ఎనమండుగురును మరణించిరి. వారి త్యాగమును అందరును ఎరుగుదురు. కాని ఆ ఓడలోనే తంతిగది యొకటి కలదు. ఆ రాత్రి అచ్చటి ఉద్యోగి ప్రయాణికుల సొంత సందేశములను ఒడ్డునకు పంపుటలో మునిగియుండెను. మంచుకొండలనుగూర్చి మరియొక ఓడ పంపిన హెచ్చరిక సరంగుల చేతికి చేరకయే ఆ గదిలో నిలిచిపోయెను. సమీపమున ఆగియున్న కాలిఫోర్నియన్ అను ఓడ యుద్యోగి తమ చుట్టును మంచున్నదని చెప్పబోగా, పని యున్నది, ఊరకుండుమని కసరికొనిరి. అతడు యంత్రము నాపి నిద్రించెను. కొంతసేపటికి టైటానిక్ ఆర్తనాదము చేసినప్పుడు ఆ దగ్గరి ఓడలో వినువాడే లేకపోయెను. దూరముననున్న కార్పేథియా ఓడ యుద్యోగి ఇంకను నిద్రపోక మేలుకొని యుండుటచేత ఆ కేక విని, 700 మందికి పైగా ప్రాణములు దక్కుటకు కారకుడయ్యెను. సుమారు 1500 మంది మరణించిరి. దీని ఫలముగ, ప్రయాణికుల యోడలలో రేయింబవళ్లు ఎవరో యొకరు చెవియొగ్గి యుండవలెనను నియమమును 1914వ సంవత్సరపు అంతర్జాతీయ ఒడంబడికలో చేర్చిరి. వేడుకమాటలు అక్కరమాటకు దారి మూయరాదని దాని భావము.

మన విశాఖపట్టణమున 1933లో ఓడరేవు తెరచిరి. 1948వ సంవత్సరము మార్చి 14వ తేదీని జలఉష యను ఓడను నెహ్రూ పండితుడు ఇచ్చటనే నీటిలోనికి దింపెను. పెద్దయోడలకు తంతిగదులుండెను. ఆ పొగగొట్టముల ప్రక్కనుండియే సాగిపోవు జాలరి తెప్పకు మాత్రము ఏమియు లేదు. మబ్బురంగు, గాలివాలు, నీటిపోటు – ఇవియే వాని పంచాంగము. చెన్నపట్టణమున 1938లోను, విజయవాడలో 1948 డిసెంబరు 1వ తేదీనను ఆకాశవాణి కేంద్రములు వెలసినవి గాని, నాటి రేడియోపెట్టెలు గాజుబుడ్లతో చేసినవి; పెద్ద బరువుగలవి; ఇంటను అమర్చుకొనదగినవే గాని తెప్పపైకి ఎక్కదగినవి కావు.

1947 డిసెంబరులో అమెరికా శాస్త్రజ్ఞులు ట్రాన్సిస్టరును కనిపెట్టిరి. గాజుబుడ్డి చేయు పనిని గింజయంత వస్తువు చేయ మొదలిడెను. 1954లో చేత ఇమిడెడి ట్రాన్సిస్టరు రేడియో అంగడికి వచ్చెను. అది బ్యాటరీలతోనే పలుకును. తూగినను పాట తెగదు, ఏలయన ముల్లు లేదు, పళ్లెము లేదు. 1963 ఆగస్టు 4వ తేదీన విశాఖపట్టణమున ఆకాశవాణి కేంద్రము ప్రారంభమాయెను. మధ్యమ తరంగములకు ఉప్పునీరు మంచి బాట. నేలపైకంటె సముద్రముపై అవి మిక్కిలి దూరము పోగలవు. గుడ్డలో చుట్టిన రేడియో పడవ యెక్కెను.

జాలరి దానిని కొనినది పాటకొరకే. వాతావరణ వార్తకొరకని కొనినవారు ఎందరుందురు? కాని పాట ముగియగానే తుపాను సూచనయు ఆ పెట్టెనుండియే వెలువడెడిది. పాట వినుచున్న చెవి మాటను కూడ వినెను. రేడియో చేసిన గొప్ప యుపకార మిదియే. ఎవరును వెదకి తెచ్చుకొనని హెచ్చరికను, వెదకి తెచ్చుకొన్న పాట వెంట అది తెచ్చి యిచ్చెను.

హెచ్చరిక చేరనిచో నేమగునో 1977 నవంబరు 19వ తేదీన కృష్ణాజిల్లా దివిసీమ మనకు చూపెను. సముద్రము ఉప్పెనయై ఊళ్లపై పడెను. వేలకొలది జనము ఒక్క దినములో నశించిరి. తుపాను వచ్చుచున్నదని తెలిసినవారు లేకపోలేదు. తెలిసిన మాట తెలియవలసిన గుడిసెకు చేరకపోయెను.

ఇక పాటయంత్రముల కథ మరియొక మలుపు తిరిగినది. 1963లో ఫిలిప్స్ వారు చిన్న క్యాసెట్టును తెచ్చిరి. 1979లో జపానునందు సోనీ వారు వాక్‌మన్ అను పెట్టెను అమ్మజొచ్చిరి. దానికి బయట మ్రోగు గొట్టము లేదు. చెవులకు తగిలించుకొను తొడుగులు కలవు. పాట ఒక్కనికే వినబడును. 1984లో చేతి సీడీ యంత్రమును, 1998లో బొమ్మతోకూడ చూపు చేతి డీవీడీ యంత్రమును వచ్చినవి. ఇవి కూడ కుదుపునకు తడబడెడివే. 2001లో అమెరికాలో ఆపిల్ వారు ఐపాడ్ పేర వేయి పాటలను జేబులో దాచుయంత్రమును చేసిరి. తుదకు గోరంత మెమరీకార్డు వచ్చెను. అందు తిరుగునది లేదు, కదలునది లేదు. ఎంత తూగినను దానికి భయములేదు. సెల్‌ఫోనులో ఆ కార్డును పెట్టినచో పాటలే కాదు, సినిమాలే పదులకొలది పడవ యెక్కును. గ్రామఫోను ముల్లు ఓడిపోయిన కెరటముపై నూరేండ్లకు పాటయంత్రము గెలిచినది.

నేడు మన రేవులనుండి పోవు మరపడవలు పది పదిహేను దినములు సముద్రముననే యుండును. వల దింపుటకును, లాగుటకును నడుమ గంటలకొలది ఎదురుచూపు. చుట్టును నీరు, పైని యాకాశము. ఇల్లు విడిచిన పిల్లవాడు ఆ వేళ ఒక సినిమా చూచినచో తప్పేమి? నేను దానిని నిందింపను. శ్రమపడిన శరీరమునకు అన్నమెంత యవసరమో మనస్సునకు పాట అంత యవసరము. మన పూర్వులును పాడుకొనుచునే తెడ్డు వేసిరి గదా.

కాని రెండు విషయములను పెద్దలమైన మనము ఆలోచింపవలెను. మొదటిది, కార్డులోని పాట గ్రామఫోనువలె నిన్నటిది. ఒడ్డునుండి పది పండ్రెండు కిలోమీటర్లు దాటునప్పటికి సెల్‌ఫోనునకు సంకేతము అందదు. అటుపైని అది పాడునే గాని వినదు. రేడియో ఉన్నప్పుడు పాటవెంట మాట వచ్చెడిది. ఇప్పుడు మాట లేకయే పాట సమృద్ధిగ నున్నది. లోటు తెలియకుండుటయే దీనిలోని అపాయము. రెండవది, చెవితొడుగు పెట్టుకొన్నవాడు ప్రక్కవాని కేకను వినడు, యంత్రపు తేడా చప్పుడును వినడు, ఓడ కూతను వినడు.

నాయొద్ద చదువుకొన్న జాలరి యొకడు గంధపు టమావాస్యకు సింహాచలము వచ్చి నన్ను చూడవచ్చెను. వాని పడవలో ఒకనాటి రాత్రి కాపలా యున్న కుర్రవాడు చెవులకు తొడుగులు తగిలించుకొని సినిమా చూచుచుండెనట. పెద్దయోడ యొకటి దగ్గరకు వచ్చి కూత వేసినను వానికి వినబడలేదు. లోపల నిద్రించుచున్న ముసలి సరంగు ఆ కూతకు ఉలికిపడి లేచి పడవను త్రిప్పెనట. “మాస్టారూ, మా తాత నిద్రలో ఉండి విన్నాడండి. మావాడు మేలుకొని ఉండి వినలేదండి,” అని వాడు చెప్పినప్పుడు నాకు కాలిఫోర్నియన్, కార్పేథియా ఓడలు రెండును ఒక్క పడవలో కనబడినవి.

దీనికి మార్గము లేకపోలేదు. హైదరాబాదునందలి భారత జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రమువారు, విమానాశ్రయ సంస్థవారితో కూడి, 2019 అక్టోబరులో జెమిని యను చిన్న యంత్రమును ప్రవేశపెట్టిరి. ఉపగ్రహమునుండి వచ్చు తుపాను, ఉప్పెన, ఎత్తైన అలల హెచ్చరికలను, చేపలు దొరకు తావులను అది అందుకొని పడవలోని సెల్‌ఫోనునకే చేర్చును. మాట ఒడ్డునుండి పడవకే వచ్చును, పడవనుండి ఒడ్డునకు పోదు. అయినను పాడుటయే తెలిసిన ఫోనునకు అది వినుటయు నేర్పినది. ట్రాన్సిస్టరు నాడు చేసిన మేలే మరియొక రూపమున తిరిగి వచ్చినది.

అట్లని పాతదానిని పారవేయరాదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విరుచుకొనిపడినప్పుడు విద్యుత్తు పోయెను, సెల్‌ఫోనులు మూగవోయెను. అట్టి దినమున బ్యాటరీలతో పలుకు చిన్నరేడియో విలువ ఎంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు తూర్పుతీరమున మరపడవలకు వేట నిషేధము. గంధపు టమావాస్యకు జాలరి కుటుంబములు అప్పన్న సన్నిధికి వచ్చునదియు సాధారణముగ ఆ దినములందే. పడవలు ఒడ్డుననున్న ఆ కాలమే మంచిమాట చెప్పుటకు తగిన కాలము. ఊరిపెద్దలు తమ పిల్లలతో ఇట్లు చెప్పుదురు గాక. పడవలో పాట ఉండనిండు. కాని పాటయంత్రముతోపాటు మాటను తెచ్చు యంత్ర మొకటి తప్పక ఉండవలెను, దానికి బ్యాటరీలు మిగులుగ ఉండవలెను. పాటను వీలైనంతవరకు నలుగురును కలిసి వినవలెను. కాపలా వంతు వచ్చినవాని చెవులపై ఏ తొడుగును ఉండరాదు. వాని చెవులు ఆ వేళ వానివి కావు. పడవలో నిద్రించు వారందరివి.

పుష్కరిణిలో తెప్ప తిరుగునప్పుడు చుట్టును గట్టున్నది, గట్టుమీద జనమున్నారు. సముద్రమున తిరుగు తెప్పకు ఒడ్డునుండి వచ్చు మాటయే గట్టు.

సెలవు.