మత్తులో మరపడవ నడుపుట: మిన్నెసోటాలో న్యాయరక్షణ

మత్తులో మరపడవను గాని, మంచుపై పరుగిడు స్నోమొబైలును గాని, కాలిబాటలపై తిరుగు ఏటీవీని గాని నడిపెనను అభియోగమునకు గురియైనవానికి లభించు రక్షణోపాయములు అమెరికాలో రాష్ట్రమునకొక తీరుగా నుండును. పదివేల సరస్సుల సీమయని పేరొందిన మిన్నెసోటాలో వేసవి జలవిహారముతోను, శీతకాలము గడ్డకట్టిన సరస్సులమీది సంచారముతోను గడచును గనుక, అచటి శాసనము రహదారిమీది కారుకును నీటిమీది మరపడవకును భేదమెంచక, నడిపిన రెండు గంటలలోపల కొలిచిన మద్యసారము 0.08కు చేరుటయే నేరమని విధించినది.

వాదము తఱచుగా ‘నడుపుట’ అను పదము చుట్టును తిరుగును. లంగరు దించినది, ఒడ్డున కెక్కించినది, రేవుకు బిగించి కట్టినది, తెడ్లతో సాగుచున్నది నడుచుచున్న మరపడవ కాదని శాసనమే నిర్వచించుటచే, అధికారి సమీపించిన వేళ లంగరుత్రాడు నీటిలో నుండెనా, పడవలో చుట్టగా పడియుండెనా యను స్వల్పాంశముపై ఒక్కొక్క కేసు నిలుచును, కూలును. అయినను అంతకుమున్ను మత్తులో నడిపినట్లు వేరు సాక్ష్యమున్నచో ఆ లంగరు ముద్దాయిని కాపాడదు. ఒడ్డు చేరిన పిమ్మటనే త్రాగితినను వాదమును శాసనము అంగీకరించునుగాని, దానిని ఋజువుచేయు భారము ముద్దాయిదే.

దినమెల్ల ఎండలో, గాలిలో, యంత్రపు అదురులో గడపి రేవుపై అడుగిడినవానికి చెక్కబల్ల సైతము అలవలె కదలుచున్నట్లు తోచును. అట్టివానిని మడమకు కాలివ్రేలు తాకించి తొమ్మిదడుగులు నడువుమనుట, ఒంటికాలిపై నిలువుమనుట మత్తును కొలుచునో, నీటి ఊపును కొలుచునో చెప్పుట కష్టము. అందుచేతనే ముక్కుకొనను వ్రేలితో తాకుట, అరచేతులు త్రిప్పి తట్టుట మొదలగు కూర్చుండి చేయు పరీక్షలు పడవలకై ఏర్పడినవి. కుదుటపడుటకు ఎంత వ్యవధి నిచ్చితిరని న్యాయవాది అధికారిని ప్రశ్నించుట సాకుగాదు, సత్యాన్వేషణమే యని మా తలంపు.

మద్యసారపు పరీక్ష జరిగిన తీరును గూడ న్యాయవాది ప్రశ్నింపవచ్చును. 2012లో మిన్నెసోటాలోని సౌత్ సెయింట్ పాల్‌లో పడవను నదినుండి లాగబోయి ట్రక్కు నీటిలో చిక్కుకొనగా, ఆ వాహనమును నడిపెనని అనుమానింపబడి, శ్వాసపరీక్షకు నిరాకరించిన యొకని వ్యాజ్యము, అమెరికా సుప్రీంకోర్టు 2016లో ‘బర్చ్‌ఫీల్డ్’ తీర్పుతో పరిష్కరించిన మూడింటిలో నొకటి. అరెస్టు చేసినపిదప వారంటు లేకయే శ్వాసపరీక్ష చేయవచ్చును, రక్తపరీక్షకు మాత్రము సామాన్యముగా వారంటు వలయునని ఆ తీర్పు నిర్ణయించెను. పరీక్షకు ఒప్పుకొనుటకు ముందు న్యాయవాదిని సంప్రదించు పరిమితమైన హక్కును మిన్నెసోటా సుప్రీంకోర్టు 1991లోనే గుర్తించినది. ఈ హక్కునకు భంగము కలిగెనా యని విచారించుట న్యాయవాది ప్రథమ కర్తవ్యము.

2018 ఆగస్టునుండి అమలులోనున్న సవరణ ననుసరించి, సరస్సుపై మత్తులో పట్టువడి శిక్షితుడైనవాడు పడవతోపాటు కారును, స్నోమొబైలును, ఏటీవీని నడుపు అర్హతను సైతము నియమితకాలము కోల్పోవును.