తీవ్ర ఒత్తిడిలో పోలీసుల గ్రహణశక్తి

ప్రాణాపాయం ఎదురైనప్పుడు పోలీసుల చూపు, వినికిడి, కాలస్పృహ, జ్ఞాపకం తాత్కాలికంగా మారిపోతాయి. అడ్రినలిన్ పెరిగి గుండె దడదడలాడుతుంది. దృష్టంతా ప్రమాదం మీదే నిలుస్తుంది. చేతివేళ్లకు పట్టు తప్పుతుంది.

అమెరికాలో కాల్పుల్లో పాల్గొన్న 157 మంది పోలీసుల అనుభవాలను మనస్తత్వవేత్త అలెక్సిస్ ఆర్ట్‌వోల్ 1994–99 మధ్య సేకరించారు. శబ్దాలు సరిగా వినబడలేదన్నవారు 84 శాతం, చూపు ఇరుకైపోయిందన్నవారు 79 శాతం. కాలం నెమ్మదించినట్టు 62 శాతం మందికి తోచింది. సగానికి పైగా అధికారులకు ఘటనలో కొంత భాగం గుర్తే లేదు.

ఇలాంటి లోపం నేరంగానూ కనిపించవచ్చు. 1995 జనవరిలో బోస్టన్‌లో మఫ్టీలో ఉన్న నల్లజాతి పోలీసు మైకేల్ కాక్స్‌ను తోటి పోలీసులే నిందితుడనుకుని చితకబాదారు. ఆ పక్కనుంచే అసలు అనుమానితుణ్ణి తరుముతూ వెళ్లిన అధికారి తానేమీ చూడలేదన్నాడు. అబద్ధపు సాక్ష్యమంటూ శిక్ష పడింది, తర్వాత రద్దయింది. కాక్స్ 2022లో ఆ నగర పోలీసు కమిషనరయ్యారు.

క్రిస్టఫర్ చాబ్రిస్, డేనియల్ సైమన్స్ బృందం 2011లో ఈ ఘటనను పరీక్షకు పెట్టింది. ముందు పరుగెత్తే వ్యక్తి ఎన్నిసార్లు తల తాకుతాడో లెక్కపెడుతూ విద్యార్థులు వెంబడించారు. దారిపక్కన జరిగిన ఉత్తుత్తి కొట్లాట రాత్రివేళ సుమారు మూడో వంతు మందికే కనబడింది.

శిక్షణతో కొంత మెరుగుదల సాధ్యమే. నెదర్లాండ్స్ ప్రయోగాల్లో రంగు సబ్బు తూటాలతో ఎదురుకాల్పులు జరిపే ప్రత్యర్థిపై సాధన చేసిన పోలీసులు ఒత్తిడిలోనూ గురి నిలుపుకున్నారు. అట్టబొమ్మలపై సాధన చేసినవారి గురి మాత్రం దెబ్బతింది.