యుద్ధానంతర నవ పట్టణం: హార్లోను ఒక చారిత్రక ఆధారంగా చదవడం

పరిచయం

చరిత్రకు ఆధారాలు అనగానే శాసనాలు, నాణేలు, ప్రభుత్వ పత్రాలు, యాత్రికుల రచనలు మీకు గుర్తుకు వస్తాయి. ఒక పట్టణం కూడా ఆధారమే. దాని వీధులు ఎటు మలుపు తిరిగాయి, ఇళ్లకూ కర్మాగారాలకూ మధ్య ఎంత దూరం ఉంచారు, ఖాళీ స్థలాన్ని ఎవరికి వదిలారు అనే విషయాలు ఆ పట్టణాన్ని కట్టిన కాలపు ఆలోచనలను తెలియజేస్తాయి. ఈ పాఠ్యభాగంలో ఇంగ్లండులోని హార్లో అనే పట్టణాన్ని ఆ దృష్టితో పరిశీలిద్దాం. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ప్రభుత్వం పొలాల మధ్య నిర్మించిన ఈ పట్టణం పార్కులకూ బహిరంగ శిల్పాలకూ ప్రసిద్ధి చెందింది.

దీనిని చదివేటప్పుడు మూడు ప్రశ్నలను మనసులో ఉంచుకోండి. ఈ పట్టణాన్ని ఎవరి కోసం కట్టారు? దానికి మూల్యం చెల్లించినవారు ఎవరు? సామాన్యుల ఇళ్ల మధ్య గొప్ప శిల్పుల రచనలను ఎందుకు నిలబెట్టారు?

నేపథ్యం

1940 సెప్టెంబరు నుంచి 1941 మే వరకు జర్మన్ విమానాలు లండన్ మీద బాంబులు కురిపించాయి. అయితే లండన్‌లో ఇళ్ల సమస్య బాంబులతో పుట్టినది కాదు. పారిశ్రామిక విప్లవ కాలం నుంచీ శ్రామిక కుటుంబాలు గాలీ వెలుతురూ చాలని ఇరుకు ఇళ్లలో జీవించేవి. బాంబులు ఆ పాత సమస్యను తీవ్రతరం చేయడంతో పాటు, దానిని ఇక వాయిదా వేయలేని స్థితిని కల్పించాయి.

పరిష్కారానికి కావలసిన ఆలోచన అప్పటికే సిద్ధంగా ఉంది. 1898లో ఎబెనెజర్ హోవార్డ్ ఉద్యాన నగరం అనే భావనను ప్రతిపాదించాడు. నగరంలోని ఉపాధినీ పల్లెలోని ఆరోగ్యాన్నీ ఒకే చోట కలపాలనీ, పట్టణం పెరిగే కొద్దీ పెరిగే భూమి విలువ వ్యక్తులకు కాక ఆ పట్టణ సమాజానికే చెందాలనీ ఆయన వాదించాడు. ఈ రెండవ అంశాన్ని మీరు ప్రత్యేకంగా గమనించాలి. తరువాత జరిగిన కథ అంతా దీని చుట్టూనే తిరిగింది. హోవార్డ్ భావనతో 1903లో లెచ్‌వర్త్, 1920లో వెల్విన్ ఉద్యాన నగరాలు మొదలయ్యాయి. అయితే అవి ప్రైవేటు సంస్థల ప్రయత్నాలు.

1944లో పాట్రిక్ అబర్‌క్రాంబీ రూపొందించిన బృహత్ లండన్ ప్రణాళిక, నగరం చుట్టూ పచ్చని వలయాన్ని వదిలి, దానికి ఆవల కొత్త పట్టణాలు కట్టాలని సూచించింది. 1945లో అధికారంలోకి వచ్చిన క్లెమెంట్ అట్లీ లేబర్ ప్రభుత్వం ఈ ఆలోచనను చట్టంగా మార్చింది. అదే 1946 నాటి నవ పట్టణాల చట్టం. 1950 నాటికి బ్రిటన్‌లో 14 నవ పట్టణాలను ప్రకటించారు. వాటిలో 8 లండన్ చుట్టూ ఉన్నాయి. జాతీయ ఆరోగ్య సేవ కూడా ఈ కాలంలోనే, 1948లో, ప్రారంభమైంది. అందువల్ల నవ పట్టణాలను సంక్షేమ రాజ్య నిర్మాణంలో ఒక భాగంగా అర్థం చేసుకోవాలి.

చట్టం ఎలా పనిచేసింది?

ప్రతి నవ పట్టణానికీ మంత్రి ఒక అభివృద్ధి కార్పొరేషన్‌ను నియమించేవాడు. దానికి భూమిని నిర్బంధంగా సేకరించే అధికారం ఉండేది. ప్రభుత్వ ఖజానా నుంచి 60 సంవత్సరాలలో తీర్చే అప్పు లభించేది. భూమిని దాదాపు వ్యవసాయ భూమి ధరకే కొని, రోడ్లు, మురుగుకాలువలు, ఇళ్లు, దుకాణాలు, కర్మాగారాల షెడ్లు కట్టి, వాటి అద్దెలతో అప్పు తీర్చేవారు. పొలం పట్టణ స్థలంగా మారినప్పుడు పెరిగిన విలువ కార్పొరేషన్‌కే దక్కింది. హోవార్డ్ కోరినది కొంత మేరకు ఈ విధంగా నెరవేరింది.

అయితే ఆ పొలాలలో మనుషులు ఉన్నారు. తొలి నవ పట్టణంగా ప్రకటించిన స్టీవనేజ్‌లో స్థానికులు తీవ్రంగా ప్రతిఘటించారు. 1946లో మంత్రి లూయిస్ సిల్కిన్ అక్కడికి వచ్చి మాట్లాడినప్పుడు సభలో కేకలు వేశారు, ఆయన కారు టైర్లలో గాలి తీశారు. రైల్వే స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు మార్చి ‘సిల్కిన్‌గ్రాడ్’ అని రాశారు. సోవియట్ రష్యా పద్ధతిలో పైనుంచి నిర్ణయాలు రుద్దుతున్నారన్నది ఆ వ్యంగ్యానికి అర్థం. వివాదం ప్రభువుల సభ న్యాయపీఠం వరకు వెళ్లింది. 1947లో తీర్పు మంత్రికి అనుకూలంగా వచ్చింది. లక్షలాది నగరవాసుల అవసరం ఒకవైపు, కొన్ని వేల మంది గ్రామీణుల ఇల్లూ పొలమూ మరొకవైపు ఉన్నప్పుడు ప్రజాస్వామ్యం ఎలా నిర్ణయించాలి? ఈ ప్రశ్నకు ఆ తీర్పు చట్టపరమైన జవాబు ఇచ్చింది. నైతికమైన జవాబును చరిత్ర విద్యార్థి తానే వెతుక్కోవాలి.

హార్లో రూపకల్పన

1947 మార్చి 25న హార్లోను నవ పట్టణంగా ప్రకటించారు. ఇది లండన్‌కు ఈశాన్యంగా, ఎసెక్స్ కౌంటీలో, స్టోర్ట్ నది ఒడ్డున ఉంది. దీనికి సుమారు 6,300 ఎకరాలు కేటాయించారు. ఈ భూమిలో చాలా భాగం ఆర్క్‌రైట్ కుటుంబానిది. నీటి శక్తితో నడిచే నూలు వడికే యంత్రంతో పేరు పొందిన రిచర్డ్ ఆర్క్‌రైట్ గురించి పారిశ్రామిక విప్లవం పాఠంలో మీరు చదివి ఉంటారు. వీరు ఆయన వంశస్థులే. పరిశ్రమలో సంపాదించిన ధనంతో ఏర్పడిన ఎస్టేటు, పారిశ్రామిక నగరపు ఇరుకు ఇళ్ల నుంచి వచ్చినవారికి నివాసస్థలం కావడం గమనించదగిన విషయం.

ప్రధాన ప్రణాళికను ఫ్రెడరిక్ గిబ్బర్డ్ తయారు చేశాడు. తోటల, పచ్చిక ప్రదేశాల రూపకల్పనలో సిల్వియా క్రో సలహాదారుగా పనిచేసింది. వారు నేలను చదును చేసి గీతలు గీయలేదు. ఉన్న లోయలనూ వాగులనూ చెట్లనూ అలాగే ఉంచి, వాటిని పచ్చని పట్టీలుగా పట్టణం మధ్యకు తీసుకువచ్చారు. ఇళ్ల సముదాయాలు ఈ పట్టీల మధ్య నిలిచాయి. ప్రతి సముదాయానికీ నడిచి వెళ్లగలిగే దూరంలో ప్రాథమిక పాఠశాల, దుకాణాలు ఉండాలన్నది నియమం. సైకిళ్లకు ప్రత్యేక దారులు వేశారు. కర్మాగారాలను టెంపుల్ ఫీల్డ్స్, పినకల్స్ అనే రెండు పారిశ్రామిక వాడలకు పరిమితం చేశారు.

ఇక్కడ భారతదేశ చరిత్రతో ఒక సంబంధం ఉంది. మొదట నిర్మించిన మార్క్ హాల్ నార్త్ ప్రాంతంలో కొన్ని ఇళ్లను మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ దంపతులు రూపొందించారు. 1951లో వీరిద్దరూ లె కార్బూజియేతో కలిసి చండీగఢ్ నిర్మాణంలో పాల్గొనడానికి మన దేశానికి వచ్చారు. దేశ విభజనలో లాహోర్‌ను కోల్పోయిన పంజాబ్‌కు అది కొత్త రాజధాని. హార్లో కార్మికుల ఇళ్ల గురించి ఆలోచించినవారే అక్కడి సెక్టార్ 22లో ప్రభుత్వ ఉద్యోగుల ఇళ్ల గురించి కూడా ఆలోచించారు.

పట్టణంలో నడుస్తూ

మీరు హార్లో టౌన్ స్టేషన్‌లో రైలు దిగారనుకోండి. దక్షిణంగా నడిస్తే 160 ఎకరాలకు పైగా ఉన్న టౌన్ పార్క్ వస్తుంది. ఇది నాలుగు గోడల మధ్య సాయంత్రం తలుపులు మూసే తోట వంటిది కాదు. పాత పల్లె ఇళ్లు, చెట్లు, నేల ఎత్తుపల్లాలు ఇందులో అలాగే ఉన్నాయి. పట్టణం రాకముందు ఇక్కడ ఊళ్లు ఉండేవని ఈ పార్కు సాక్ష్యం చెబుతుంది.

మార్క్ హాల్ వైపు వెళితే ‘ది లాన్’ అనే భవనం కనిపిస్తుంది. 1951లో పూర్తయిన దీనిని బ్రిటన్‌లో మొదటి ఆధునిక నివాస టవర్‌గా పరిగణిస్తారు. అంతస్తులు పేర్చినందువల్ల కింద పాత చెట్లకు చోటు మిగిలింది.

ఇప్పుడు శిల్పాలను చూద్దాం. 1953లో ఏర్పడిన హార్లో ఆర్ట్ ట్రస్ట్ శిల్పాలను సేకరించి మ్యూజియంలో కాక వీధులలో, ఇళ్ల మధ్య, దుకాణాల ముందు నిలబెట్టింది. గ్లెబ్‌లాండ్స్ అనే నివాస ప్రాంతంలో బార్బరా హెప్‌వర్త్ చెక్కిన రెండు పొడవైన రాతి రూపాలున్నాయి. 1951లో లండన్‌లో జరిగిన బ్రిటన్ ఉత్సవం కోసం చెక్కిన ఈ శిల్పం, ఆ తరువాత ఇక్కడి ఇళ్ల మధ్యకు చేరింది. మార్కెట్ కూడలి కోసం రాల్ఫ్ బ్రౌన్ మాంసం మోసే ఇద్దరు కూలీల కంచు శిల్పాన్ని చేశాడు. పిట్‌మన్స్ ఫీల్డ్‌లో విల్లీ సూకప్ చేసిన గాడిద పిల్లలు ఎక్కి కూర్చునేంత ఎత్తులోనే ఉంటుంది.

వీటన్నిటిలో ముఖ్యమైనది హెన్రీ మూర్ చెక్కిన ‘హార్లో కుటుంబం’. తల్లి, తండ్రి, బిడ్డ ఉన్న ఈ రాతి శిల్పాన్ని 1956లో ఆవిష్కరించారు. బాంబుదాడుల కాలంలో లండన్ భూగర్భ రైల్వే స్టేషన్లలో దుప్పట్లు కప్పుకొని పడుకున్న ప్రజలను చిత్రించినవాడు మూర్. అటువంటి కుటుంబాలే పదిహేనేళ్లలోపు తోట ఉన్న ఇంటికి చేరాయి. ఆ మార్పును ఈ రాయిలో చూడవచ్చు. అప్పట్లో హార్లోలో యువ దంపతులు, చిన్న పిల్లలు ఎంత ఎక్కువగా ఉండేవారంటే, పిల్లలను కూర్చోబెట్టి తోసే బండి పేరుతో పత్రికలు దీనిని ‘ప్రామ్ టౌన్’ అని పిలిచాయి.

మన కూడళ్లలో సాధారణంగా నాయకుల, కవుల, సంస్కర్తల విగ్రహాలు కనిపిస్తాయి. కింద పేరు, జనన మరణ తేదీలు ఉంటాయి. హార్లో శిల్పాలలో ఎక్కువ వాటికి అలా చెప్పుకోదగిన పేరు లేదు. ఒక కుటుంబం, ఇద్దరు కూలీలు, ఒక గాడిద. గౌరవం పొందవలసినది గొప్పవారి జీవితం మాత్రమే కాదు, అక్కడ నివసించేవారి రోజువారీ జీవితం కూడా అన్న భావన ఇందులో ఉంది. ఏ వస్తువును స్మారకంగా ఎంచుకున్నారో చూస్తే ఆ కాలం దేనికి విలువ ఇచ్చిందో తెలుస్తుంది.

పరిమితులు

హార్లోను ఆదర్శ లోకంగా భావించడం పొరపాటు. ఇల్లు దొరకాలంటే సాధారణంగా పట్టణంలో ఉద్యోగం ఉండాలి. అందువల్ల నైపుణ్యం ఉన్న యువ కార్మికులకు ఎక్కువ మేలు జరిగింది. వృద్ధులు, నిరుపేదలు ఎక్కువగా లండన్‌లోనే మిగిలిపోయారు. బంధువులకూ పాత ఇరుగుపొరుగుకూ దూరమైన గృహిణుల ఒంటరితనాన్ని అప్పటి పత్రికలు ‘న్యూ టౌన్ బ్లూస్’ అన్నాయి. మూర్ శిల్పం మొదట నిలిచిన చోట దెబ్బతిన్నది. చివరకు దానిని పౌర కేంద్ర భవనం లోపలికి తరలించవలసి వచ్చింది. అందరి మధ్య ఉండాలని చెక్కిన రాయి ఇప్పుడు కప్పు కింద ఉంది.

అంతకంటే పెద్ద మార్పు యాజమాన్యంలో వచ్చింది. 1980లో హార్లో అభివృద్ధి కార్పొరేషన్ రద్దయింది. అదే సంవత్సరం వచ్చిన గృహ చట్టం, ప్రభుత్వ ఇళ్లలో అద్దెకున్నవారికి వాటిని తగ్గింపు ధరకు కొనుక్కునే హక్కు ఇచ్చింది. ఎన్నో కార్మిక కుటుంబాలు మొదటిసారి సొంత ఇంటివారయ్యాయి. ఇది చిన్న విషయం కాదు. కాని అమ్ముడుపోయిన ఇళ్ల స్థానంలో అన్ని కొత్త ఇళ్లు కట్టలేదు. పట్టణ ఆస్తుల అద్దెను తిరిగి పట్టణం మీదనే ఖర్చుపెట్టే ఏర్పాటు కూడా బలహీనపడింది. 1963లో గిబ్బర్డ్ పట్టణ కేంద్రంలో నిర్మించిన వాటర్ గార్డెన్స్‌ను, 2000 తరువాత కొత్త దుకాణాల కోసం జరిపి కుదించారు. 2013లో నిబంధనలు సడలించిన తరువాత ఇక్కడి పాత కార్యాలయ భవనాలను చిన్న చిన్న ఫ్లాట్లుగా మార్చారు. ఇల్లు లేని లండన్ కుటుంబాలను కొన్ని నగర మండళ్లు అక్కడికి పంపాయి. ఇరుకు ఇళ్ల నుంచి విముక్తి కోసం కట్టిన పట్టణానికి ఇరుకు గదులే తిరిగి వచ్చాయి.

అయినా పట్టణం ఇచ్చిన ఫలితాలను తక్కువగా అంచనా వేయకూడదు. హార్లోలోని ఒక పరిశోధనాలయంలో పనిచేస్తూ చార్లెస్ కావో 1966లో గాజు తీగల ద్వారా సమాచారాన్ని దూరాలకు పంపవచ్చని సహచరునితో కలిసి నిరూపణలు చూపాడు. ఆ కృషికి 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. నేడు మీకు ఇంటర్నెట్ తెచ్చే తీగల వెనుక ఉన్నది ఈ పరిశోధనే. పట్టణంలో నేటికీ సుమారు 100 శిల్పాలు ఉన్నాయి. తాను కట్టిన పట్టణంలోనే గిబ్బర్డ్ నివాసం ఏర్పరచుకొని, 1984లో మరణించే వరకు అక్కడే జీవించాడు. ప్రణాళిక గీసినవారు దాని ఫలితాన్ని పంచుకోవడం అరుదు.

సారాంశం

హార్లో నిర్మాణానికి యుద్ధ విధ్వంసం, అంతకు ముందున్న గృహ సమస్య, ఉద్యాన నగర భావన, లేబర్ ప్రభుత్వ చట్టం కారణమయ్యాయి. పార్కులూ శిల్పాలూ అక్కడ అలంకారాలు కావు. శ్రామికులకు ఇల్లు ఎంత అవసరమో అందం కూడా అంతే అవసరమన్న విశ్వాసానికి అవి రూపాలు. అయితే శిల్పం దానంతట అదే ఆ విశ్వాసాన్ని కాపాడలేదు. భూమి ఎవరిది, అద్దె ఎవరికి చేరుతుంది, మరమ్మతుకు డబ్బు ఎవరు ఇస్తారు అన్న ఏర్పాట్లు కాపాడాయి. అవి మారినప్పుడు పట్టణం కూడా మారింది.

ఆలోచించండి

1. స్టీవనేజ్ గ్రామీణుల నిరసనలో మీకు న్యాయం కనిపిస్తుందా? లండన్ కుటుంబాల అవసరంతో దానిని తూచి మీ అభిప్రాయాన్ని రాయండి.
2. పెరిగిన భూమి విలువ ఎవరికి చెందాలన్న హోవార్డ్ ఆలోచన హార్లోలో ఎంతవరకు అమలైంది?
3. మీ ఊరిలోని ఒక పార్కును గాని కూడలిని గాని పరిశీలించండి. దానిని ఎవరు, ఎప్పుడు, ఎవరి భూమిలో ఏర్పాటు చేశారు? నేడు దాని నిర్వహణ ఎవరిది? పెద్దలను అడిగి తెలుసుకొని ఒక పుటకు మించకుండా రాయండి.